పిల్లికి చెప్పిన మాటలు

మా అల్లుడుగారితో ఎదురుగా నిలబడి నేను మొదటిసారి మాట్లాడింది ఒక పిల్లి కోసం. వాళ్ళింట్లో చేరాక అది నాకు మూడో చలికాలం.

మా వైపు అత్త అల్లుడి ఎదుట పడదు. ఆయన ముందు గదిలో ఉంటే నేను వంటింట్లో, ఆయన వంటింటికొస్తే నేను పెరట్లో. మా అమ్మ అలాగే మసలింది, నాకూ అదే వచ్చింది. న్యూజెర్సీ ఇంటికి పెరడైతే ఉంది గాని చలికాలమంతా దాని మీద మంచే. ఊరికే తలుపు తీస్తే హీటరు వేడి వృథా. ఇక మిగిలింది బట్టలుతికే మిషనున్న బేస్‌మెంటు. ఆయన కారు గరాజులోకి వచ్చిన చప్పుడు కాగానే మెట్లు దిగి అక్కడికి పోయేదాన్ని. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టేదాన్ని. అమ్మాయి ఆస్పత్రిలో మత్తు డాక్టరు, ఏ వేళకు ఇల్లు చేరుతుందో తెలియదు. మనవరాలు బడికి పోయేది. నాకు కారు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, చదువు మూడో తరగతితో సరి. పైగా కూతురింట కూర్చుని తింటున్నానన్న ములుకు ఒకటి.

పగలంతా నాతో ఉండేది పిల్లి ఒక్కటే. ఆయన చదువుకునే రోజుల్లో అద్దె గది మెట్ల మీద దొరికిందట. అంటే మా అమ్మాయి కంటే ముందు వచ్చిన మనిషి. మా ఊళ్ళో పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరతాం. ఇక్కడ పొయ్యి దగ్గర్నుంచి సింకు దగ్గరకు వెళ్ళేలోపే నాలుగుసార్లు ఎదురొచ్చేది. అన్నిసార్లూ కూర్చుంటే ఇక వంట అయినట్టే.

ఒకరోజు ఆయన ఒక్కరే అన్నానికి కూర్చున్నారు. వడ్డించడానికి అమ్మాయి లేదు. నేను ఫ్రిజ్ చాటున నిలబడి, "ఏమే, మీ అయ్యగారు చారు పోసుకోలేదు, పొయ్యి మీద ఉంది" అన్నాను పిల్లితో. చారు పోసుకుని తిన్నాక ఆయన కూడా పిల్లికేసి తిరిగి, చారు బాగుందని చెప్పమన్నారు. అది మొదలు, మా ఇద్దరి మాటలూ దాని నెత్తి మీదుగానే నడిచాయి. కూరలేం తేవాలో, ఎవరు ఫోన్ చేశారో, అన్నీ. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే నేను పిల్లిని చీవాట్లు పెట్టేదాన్ని. ఆయన లేచి వెళ్ళి తీసేసేవారు.

మనవరాలికి ఇదంతా వింత. "అమ్మమ్మా, డాడీ అక్కడే ఉన్నాడు కదా. డైరెక్ట్‌గా అడుగు" అనేది.

"నువ్వు పాలు తాగు" అనేదాన్ని.

ఆ మూడో చలికాలంలో పిల్లి తిండి దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి పోవడం మొదలెట్టింది. నోరు కంపు కొట్టింది. ఒళ్ళో కూర్చుంటే నా చీర మీద నెత్తురు కలిసిన చొంగ మరకలు. మెత్తగా పిసికిన అన్నం వేలితో పెడితే నాలుగు మెతుకులు మింగి, మూతిని కాళ్ళతో రుద్దుకుని ఏడ్చేది. జంతువుల డాక్టరు చూసి, దవడ పళ్ళు పుచ్చాయి, చిగుళ్ళలో చీము ఉంది, పీకాలి అన్నాడట. పీకాలంటే మత్తివ్వాలి. దానికా వయసు మీరింది, గుండె చప్పుడు సరిగ్గా లేదు, కిడ్నీలు బలహీనం. లేస్తుందని మాటివ్వలేనన్నాడు.

నాకు మొదట కోపం వచ్చింది. మా పళ్ళు ఊడినప్పుడు ఎవరు మత్తిచ్చారు? దారం కట్టి లాగారు. కానీ అది పూటపూటకీ ఎండిపోతుంటే ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. పీకకపోతే ఆకలితో పోతుంది. పీకిస్తే మత్తులో పోవచ్చు. నిద్ర పుచ్చడం ఎంతసేపు, లేపడమే మా పని అని అమ్మాయి ఎప్పుడూ అనేది. అలాంటిది దీని దగ్గరికొచ్చేసరికి, "ఇంత చిన్న ప్రాణానికి ఎంత మత్తివ్వాలో నాకే భయమేస్తోందమ్మా" అంది. అల్లుడుగారు అన్నం సగంలో వదిలి లేచిపోయారు.

ముందు రోజు అమ్మాయి నాకు విడమరచి చెప్పింది. రాత్రి నుంచి దానికి ఏమీ పెట్టకూడదు. మత్తులో గొంతుకి కాపలా ఉండదు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ముసలి ప్రాణం తట్టుకోదు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన బల్ల దగ్గరే ఉన్నారు.

తెల్లవారి అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోయింది. పిల్లి వంటింటి గుమ్మంలో కూర్చుని గొంతు చించుకుంటోంది. అడుగుల చప్పుడు వినపడి, అలవాటు కొద్దీ నేను బేస్‌మెంటు మెట్ల మీదికి తప్పుకున్నాను. తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె తీసి, చెంచాతో పెరుగు దాని ముందు పెట్టారు. నేను మూత పెట్టి దాచుకున్న తోడు పెరుగు. శకునాలంటే నవ్వే మనిషి. అయినా ప్రయాణం ముందు ఎవర్నీ ఖాళీ కడుపుతో పంపకూడదని వాళ్ళమ్మ పెట్టిన అలవాటు కాబోలు. పిల్లి నాకింది. ఆయన చెంచా కడిగి బోర్లించారు.

నేను మెట్ల మీద అలాగే నిలబడిపోయాను. కూతురైతే చెయ్యి పట్టుకుని ఆపుదును. అల్లుడు. ఆయన ఇంట్లో, ఆయన పిల్లికి, ఆయన పెట్టుకున్న పెరుగు. నేనేమని బయటికి రావాలి?

నా ఒళ్ళో అయితే అరవదని పిల్లి బోనుతో నన్నూ వెళ్ళమని అమ్మాయి ముందు రోజే చెప్పింది. వెనక సీట్లో కూర్చున్నాను. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, బయట మంచు తప్ప ఏమీ కనపడదు. కారులో మేమిద్దరమే ఎప్పుడూ కూర్చోలేదు. దిగి తప్పుకోవడానికి ఇక్కడ బేస్‌మెంటు లేదు. ముందు పాత దారే పట్టాను.

"ఏమే, పొద్దున్నే పెరుగు తిని బయల్దేరావు. మీ అమ్మగారు చెప్పింది చెవికెక్కలేదా?"

ఆయన మెడ బిగుసుకుంది. "ఒక్క చెంచాయే కదే" అన్నారు. పిల్లితోనే.

జంతువుల ఆస్పత్రి కౌంటరులో పిల్ల నవ్వుతూ, రాత్రి నుంచి ఏమైనా తిందా అని అడిగింది. ఆ పాటి ఇంగ్లీషు నాకు తెలుస్తుంది. అల్లుడుగారు లేదన్నారు. ఎందుకన్నారో కూడా నాకు తెలుసు. ఇవాళ వెనక్కి తీసుకెళ్తే ఇంకోసారి తీసుకురాగల గుండె ఆయనకు లేదు. ఆ పిల్ల బోను అందుకోబోయింది. నేను పట్టు వదల్లేదు. నలుగురిలో అల్లుడి మాట అబద్ధమనడం మా ఇంటావంటా లేదు. వదిలితే ఆ బోను ఖాళీగా తిరిగొస్తుంది.

కొంగు సర్దుకుని ఆయన మొహంలోకి చూశాను.

"బాబూ, పెరుగు పెట్టారని చెప్పండి. దాన్ని చేతులారా చంపుకుంటారా?"

ఆయన కళ్ళు ఎలా ఉంటాయో అప్పుడే చూశాను. ఎర్రబడి ఉన్నాయి. కౌంటరు వైపు తిరిగి నిజం చెప్పారు. చెప్పి మంచిపని చేశారని, ఇంకో రోజు రమ్మని పంపేశారు. గరాజులో కారు ఆపాక, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"ఈసారి మీరే చూసుకోండి అత్తయ్యగారూ. నా వల్ల కాదు."

మళ్ళీ వెళ్ళాల్సిన పొద్దున పిల్లితో పాటు బేస్‌మెంటులో తలుపేసుకు కూర్చున్నాను. అది తలుపు గీరింది, నా కాళ్ళు గీరింది, నన్ను చూసి అరిచింది. నేనూ కాఫీ తాగలేదు. భక్తి కాదు, పాల వాసనకి అది ఇంకా ఏడుస్తుందని. బోనులో పెట్టింది నేనే. అప్పగించిందీ నేనే.

సాయంత్రం దాకా ఆస్పత్రిలోనే కూర్చున్నాం, మధ్యలో ఒక కుర్చీ వదిలి. లేచిందని చెప్పడానికి డాక్టరు వచ్చేసరికి అల్లుడుగారు చేతిలోని టోపీని నలిపి ముద్ద చేశారు. పిల్లికి దవడ పళ్ళన్నీ పోయాయి. తల నిలవడం లేదు, నాలుక బయటికి వేలాడుతోంది, నన్ను గుర్తుపట్టలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

తిరిగొస్తుంటే మళ్ళీ వెనక సీట్లోనే, ఒళ్ళో బోను, చుట్టూ మూసిన అద్దాలు. సగం దారిలో ఆయన అడిగారు.

"వెనక చలిగా ఉందా అత్తయ్యగారూ?"

బోనులోకి చూశాను. పిల్లి మత్తులో ఉంది.

"లేదు బాబూ" అన్నాను. "రోడ్డు చూసి నడపండి."