బెంచీ కింద ఇద్దరు పిల్లలు

1969లో నేను చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి టీచర్ని. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో నెలల తరబడి మూతపడిన బడులు అప్పుడే తెరిచారు. నారాయణగూడ వైపు నుంచి నినాదాలు వినపడితే చాలు, పాఠం ఆపి పిల్లల్ని లెక్కపెట్టుకునేదాన్ని.

ఆ క్లాసులో లలిత అనే పిల్ల ఉండేది. వాళ్లది గుంటూరు. తండ్రి సర్కారు ఆఫీసులో గుమాస్తా. అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవారు. అంతకుముందు గలగలా మాట్లాడే పిల్ల, బడి తెరిచాక పెదవి కదపలేదు. రోల్ కాల్‌లో, అంటే హాజరు పిలిచేటప్పుడు, లేచి నిలబడేదే గాని "ప్రెజెంట్" అనేది కాదు. వాళ్లమ్మను పిలిపించాను.

"బయట నోరు విప్పొద్దని నేనే చెప్పానండీ," అందావిడ తలుపు వైపు చూస్తూ. "మాట వింటే మేం ఎక్కడివాళ్లమో తెలిసిపోతుంది కదా. ఇప్పుడు ఇంట్లో కూడా గుసగుసలే."

"క్లాసుల ఏం గాదమ్మా, నేనున్న గద," అన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద కేకలు, పరుగులు. ఎవరు విసిరారో, రాయి తగిలి కిటికీ అద్దం భళ్లున పగిలింది.

"బెంచీల కిందికి పోండ్రి," అని, తలుపు గడియ పెట్టి నేనూ నేల మీద కూలబడ్డాను.

లలిత పక్కన కవాడిగూడ పిల్ల పద్మ ముడుచుకు కూర్చుంది. దాని అన్నను ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయారు, ఇంకా ఇల్లు చేరలేదు.

"నన్ను గూడ పట్టుకపోతరు టీచర్," అని ఏడుస్తోంది. నేను దాని దగ్గరికి పాకేలోపే ఒక సన్నని గొంతు వినిపించింది. లలితది.

"ఏడవకు. నా చెయ్యి పట్టుకో. మా నాన్న సాయంత్రం ఇంటికి రాడేమోనని నాకూ రోజూ భయమే."

పద్మ ఏడుపు ఆపి చూసింది. "నువ్వు మాట్లాడ్తవా? మరి ఇన్ని దినాలు ఎందుకు మాట్లాడలే?"

"నా మాట వింటే మీరు కొడతారని."

"నేనెందుకు కొడ్త?"

బయట సద్దుమణిగి పెద్దవాళ్లు వచ్చేదాకా ఇద్దరూ చేతులు వదల్లేదు. మర్నాడు లలిత "ప్రెజెంట్" అంది, పక్కనున్న పద్మకు మాత్రమే వినపడేంత మెల్లగా.

"అన్నది టీచర్," అని పద్మే నాకు చెప్పింది.

గొడవలు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు సాగాయి. నా భయమూ పోలేదు. అయినా రోజూ పాఠానికి ముందు కాసేపు, ఎవరికి దేనికి భయమేస్తోందో పిల్లల్ని అడగడం మొదలుపెట్టాను. అంతవరకూ భయపడొద్దని చెప్పడమే టీచరు పని అనుకునేదాన్ని. ఒక పిల్ల భయం పక్కపిల్లకు తెలిస్తే, ధైర్యం వాళ్లే చెప్పుకుంటారు.