తప్పు నాదే అని రాసిన కాగితం

మా నాన్న రైల్వే గార్డు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్న నీతి ఒక్కటే: ఏం జరిగినా విచారణలో సాకులు చెప్పకూడదు, రెండు ముక్కల్లో తప్పు ఒప్పుకుని రాసిచ్చేయాలి. ఇంక్రిమెంట్ పోతుంది, ఉద్యోగం నిలుస్తుంది. రాయ్‌పూర్‌లో, మా గుఢియారీ వీధిలోని రైల్వే వాళ్లందరికీ అదే వేదం.

అన్నయ్య పరాయి దేశంలో క్రేన్ నడిపేవాడు. ఒకరోజు ఇనుప తాడు తెగి, బరువు మీదపడి ఒక మనిషి పోయాడు. తాడు పాతదని అన్నయ్య అంతకుముందే ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! భయపడి ఇంటికి వచ్చేశాడు. ఏడాది తిరక్కుండానే, విచారణకు అన్నయ్యను అప్పగించమని ఆ దేశం మన ప్రభుత్వాన్ని అడిగింది. ఢిల్లీ కోర్టుకు రమ్మని పోలీసులు కాగితం తెచ్చారు.

“తాడూ గీడూ ఊసెత్తకు, సాకు అనుకుంటారు” అన్నారు నాన్న. “తప్పు నాదే, మాఫ్ చెయ్యండి అని రాసిచ్చెయ్. సాబ్ లోగ్ ఖుష్ అయిపోతారు, వార్నింగుతో వదిలేస్తారు.”

రాసింది నేను. ఇంట్లో హిందీ దస్తూరి బాగున్నది నాదే మరి! మేం పెట్టుకున్న వకీలుకు చూపించాలన్న జ్ఞానం ఒక్కరికీ లేకపోయింది. కోర్టులో అన్నయ్య తనే లేచి ఆ కాగితం అందించాడు. వకీలు తల పట్టుకున్నాడు.

నేరం తేల్చడం ఇక్కడి పని కాదు, పంపడానికి తగిన ఆధారం ఉందా లేదా అన్నదే చూస్తాం అన్నారు జడ్జి గారు. ఆ ఆధారం మేమే చేతులారా ఇచ్చాం. అప్పగించవచ్చని తేల్చారు.

నాన్నతో నెలల తరబడి మాట మానేశాను. నిజానికి ఆ కోపంలో సగం నా మీదే.

పంపే రోజు చూడనిచ్చారు. “నీ దస్తూరి అంత బాగుండకపోతే జడ్జి గారు సగంలోనే విసిగి వదిలేద్దురే” అన్నాడు అన్నయ్య, నవ్వబోయి. నేను బావురుమన్నాను.

రైల్వే పాసులో పోవడానికీ రావడానికీ కలిపే రాసిస్తారు. నాన్న జన్మంతా అలాంటి కాగితంతోనే ప్రయాణం చేశారు. అన్నయ్యను తీసుకెళ్లే అధికారి ముందుకెళ్లి నిలబడ్డారు.

“సాబ్, వాపసీ టికెట్ ఏ తారీఖుది?”

ఆయన చేతిలోని టికెట్ కాగితం చూపించాడు.

“చదివి చెప్పమ్మా” అన్నారు నాన్న నాతో.

చదివాను. పోయేది ఒక్కటే ఉంది.

“ఇంకా రాయలేదు నాన్నా” అన్నాను. అన్ని నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

అన్నయ్య అక్కడే జైల్లో ఉన్నాడు. “రాశారేమో కనుక్కోమ్మా” అని నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు.