ఆడవాళ్ళకు మాత్రమే వేసిన ఆట

మొన్న ఆదివారం పొద్దున రాజమండ్రిలో మా ఇంట్లో అందరం బల్ల చుట్టూ కూర్చుని పెసరట్లు తింటూ ఉంటే, పెళ్ళీడుకొచ్చిన మా మనవరాలు ఫోనును మంచినీళ్ళ చెంబుకు ఆనించి పెట్టుకుని ఎవరో డాక్టరమ్మ మాట్లాడుతున్న వీడియో చూస్తోంది. ఆ డాక్టరమ్మ నవ్వుమొహంతో, ఆవకాయ కలిపే విధానం చెప్పినంత తేలిగ్గా, పిల్లలు పుట్టనివాళ్ళ గురించి, మగవారి వీర్యకణాల గురించి, వాటికి చేసే పరీక్ష గురించి చెప్పుకుపోతోంది. మా అబ్బాయి అల్లప్పచ్చడి గిన్నె ఇటు జరపమన్నాడు, కోడలు ఇంకో అట్టు వెయ్యనా అత్తయ్యా అని అడిగింది. ఎవరూ ఉలిక్కిపడలేదు, ఎవరూ ఫోను కట్టెయ్యమనలేదు. నా చేతిలోని ముక్క మాత్రం నోటిదాకా రాకుండా ఆగిపోయింది. ఏంటి నానమ్మా, కారంగా ఉందా అని మనవరాలు అడిగితే అవునన్నాను.

ఆ పరీక్ష సంగతి నేను మొదటిసారి విన్నది నిడదవోలులో ఒక సినిమా హాల్లో, నాకింకా పెళ్ళి కాని రోజుల్లో. అక్కడ విన్న ఆ మాటను తెచ్చి మా ఇంట్లో పలికిన మనిషికి ఆ తరవాత ఆ ఇంట్లో చోటు లేకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు చెబితే ఇందులో ఏముంది అంటారు. నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

మా నాన్నగారు ఆ హాల్లో మేనేజరుగా చేస్తూ చేస్తూనే పోయారు. యజమాని మంచివారే, ఆ కుటుంబానికి ఏదో ఒకటి చెయ్యాలనుకుని, పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న నన్ను ఆడవాళ్ళ టిక్కెట్ల కౌంటరులో కూర్చోబెట్టారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆడవాళ్ళకు వేరే కౌంటరు, వేరే దారి, హాల్లో నడుమెత్తు గోడకు అవతల వేరే బెంచీలు. నా కౌంటరుకు ఒక చెయ్యి పట్టేంత కన్నం ఉండేది, అందులోంచి చేతులు తప్ప మనుషులు కనిపించేవారు కాదు. కొన్నాళ్ళకు ఊళ్ళో ఆడవాళ్ళందరినీ గాజులను బట్టి, గోళ్ళకు అంటిన పసుపును బట్టి, వేలి ఉంగరాన్ని బట్టి పోల్చుకోవడం నాకు అలవాటైపోయింది. వాళ్ళే బజారులో ఎదురై పలకరిస్తే మాత్రం ఎవరో తెలియక తెల్లమొహం వేసేదాన్ని.

ఇంట్లో అమ్మ, నేను, అన్నయ్య, వదిన. అన్నయ్య రైసుమిల్లులో గుమాస్తా. వదినది ద్రాక్షారామం దగ్గర ఒక పల్లె. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ నేను ఆవిడ మీద పెత్తనం చేసిందేమీ లేదు, నా జడ ఆవిడే వేసేది, నా జీతంలోంచి ఆవిడకు పూలు నేను తెచ్చేదాన్ని. పెళ్ళై ఏళ్ళు గడుస్తున్నా ఆవిడ కడుపు పండలేదు. అమ్మ ఆవిడ చేత మొక్కించని దేవుడు లేడు, తాగించని పసరు లేదు. ఒక్కో పసరు తాగిన రోజు వదిన పెరట్లో వాంతులు చేసుకుంటూ ఉంటే, నీళ్ళోసుకుందేమో అని అమ్మ ఆశగా చూసేది. చివరికి మా మేనమామ అన్నయ్యకు ఇంకో సంబంధం చూడడం మొదలుపెట్టాడు. ఆ సంగతి వదినకు తెలుసు. ఆవిడకు తెలుసని మాకందరికీ తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ సినిమా వచ్చింది. ఉత్తరాదిన తీసి తెలుగు మాటలు అతికించిన బొమ్మ. కథంటూ పెద్దగా ఏమీ లేదు, కాపురాలు, సుఖరోగాలు, కాన్పులు, మధ్యమధ్య తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఒకాయన బడిపంతులు లాగా నిలబడి పాఠం చెప్పడం. పోస్టరు మీద ఒక పక్క పెద్దలకు మాత్రమే అని, ఇంకో పక్క పెళ్ళైన ప్రతివారూ చూడవలసినది అని ఉండేది. యజమాని గుడి కమిటీలో పెద్దమనిషి గనుక, పోస్టరులో ఉన్న ఆడమనిషికి మెడ కింద నుంచి తెల్లకాగితం అంటించమన్నారు. అంటించాక జనం ఇంకా ఎక్కువసేపు ఆగి చూశారు.

ఆ బొమ్మకు ఆడవాళ్ళకు ప్రవేశం లేదన్నారు. నా కౌంటరు మూసి, నన్ను టిక్కెట్ల మీద ముద్రలు వెయ్యడానికి లోపల కూర్చోబెట్టారు. గోడ అవతల నుంచి అంతా వినిపించేది. డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ మగవాళ్ళు ఈలలు వేసేవారు, పాఠం చాల్లే బొమ్మ వెయ్యమని కేకలు పెట్టేవారు. కాన్పు చూపించేటప్పుడు ఆ తల్లి అరుపులకు కూడా ఈలలే. ఒక తల్లి కన్నవాళ్ళే కదా వీళ్ళంతా అనుకుని చెవులు మూసుకున్న రోజులున్నాయి. వారాల తరబడి హాలు నిండుతూనే ఉంది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన ఒకరోజు నవ్వు దాచుకోకుండా, మీ అన్నయ్యగారు ఇవాళ కూడా వచ్చారండి అని నాకు చెప్పి వెళ్ళాడు.

మా ఊరి మహిళా మండలి అధ్యక్షురాలు ఒక ప్లీడరుగారి భార్య, నోరున్న మనిషి. ఆవిడ యజమాని దగ్గరకు వచ్చి, కాన్పుల గురించి బొమ్మ తీసి కనేవాళ్ళను రానివ్వకపోవడం ఏం న్యాయమని నిలదీసింది. ఆయన నానా తంటాలూ పడి చివరకు ఒక్క మ్యాటినీ ఆట ఆడవాళ్ళకు మాత్రమే వేయిస్తానని ఒప్పుకున్నారు. మగ గేటుకీపర్లకు ఆ పూట సెలవు. టిక్కెట్లు ఇవ్వడం నేనే, చింపడం నేనే. చిక్కంతా మిషను నడిపే ఆపరేటరు దగ్గర వచ్చింది. ఆడవాళ్ళు ఆ బొమ్మ చూస్తుంటే వాళ్ళతోపాటు ఒక మగవాడు కూడా చూడటమేమిటని యజమానికి బెంగ. ఆపరేటరు ముసలాయన, నియమనిష్ఠలు గలవాడు, ఆయనకూ అదే బెంగ. ఇద్దరూ ఆలోచించి, క్యాబిన్‌లోంచి తెర చూసే కిటికీకి అట్ట కొట్టేశారు.

నిడదవోలు జంక్షను కావడం ఆ రోజు చాలామందికి కలిసొచ్చింది. మా ఊరి ఆడవాళ్ళు ఎవరైనా చూస్తారన్న భయంతో చాలామంది రాలేదు, మమ్మల్నిక్కడ ఎవరు గుర్తుపడతారులే అనుకుని కొవ్వూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, భీమవరం వైపు నుంచి ప్యాసింజరు బళ్ళు దిగి వచ్చారు. చేతుల్లో కూరల సంచులు, ఆసుపత్రి చీటీలు, మొహాల మీద కొంగులు. ఎదురుగా టీ కొట్టు దగ్గర మగవాళ్ళు గుంపుగా నిలబడి ఎవరెవరి పెళ్ళాలు లోపలికి వెళ్తున్నారో చూస్తున్నారు. వాళ్ళకు మాత్రం మొహాలు కప్పుకోవాల్సిన అవసరం కనిపించలేదు. కన్నంలోంచి చేతులు ఒకదాని తరవాత ఒకటి వస్తుండగా ఎర్ర మట్టిగాజుల చెయ్యి ఒకటి వచ్చింది. చూపుడువేలి మీద మా వంటింట్లో అట్లకాడ తగిలి కాలిన మచ్చ. టిక్కెట్టు ఆ చేతిలో పెట్టి వేళ్ళను ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాను.

బొమ్మ మొదలైన కాసేపటికే మసకబారింది. ఆపరేటరు తెర వైపు చూస్తేనే గదా సరిచేసేది. మరికాసేపటికి చట్రం జారి, మనుషుల కాళ్ళు పైనా తలలు కిందా పడ్డాయి. మగవాళ్ళ ఆటలో అయితే ఆ పాటికి కుర్చీలు విరిగేవి. ఇక్కడ గొంతెత్తి అరిచేదెవరు? అరిస్తే బొమ్మ చూడాలని అంత ఆత్రమా అని పక్కామె అనుకోదూ? అంతమంది ఆడవాళ్ళూ కిక్కురుమనకుండా ఆ మసకలోకి చూస్తూ కూర్చున్నారు. అయితే మాట మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. అందుకని హరికథ విన్నట్టు విన్నారు. పిల్లలు కలగకపోతే లోపం భార్యదే అనుకోవడం పొరపాటని, ముందు భర్తకు పరీక్ష చేయించాలని, అది చాలా సులువైన పరీక్ష అని డాక్టరు చెప్పాడు. ఏంటీ, ఏమన్నాడూ అని ఒక ముసలమ్మ పక్కనున్న కూతురిని అడిగింది. కూతురు చెప్పింది. ఆ ముసలమ్మ కళ్ళు తుడుచుకోవడం తలుపు దగ్గర నిలబడ్డ నాకు కనిపించింది. వదిన వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మాటను వదిన కొన్నాళ్ళు కడుపులోనే దాచుకుంది. మా మేనమామ సంబంధం ఖాయం చేసుకొచ్చిన రోజున, మగవాళ్ళిద్దరూ పీటల మీద భోంచేస్తుండగా, చారు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి నిలబడింది.

"ఒక్కసారి మీరు కూడా రాజమండ్రి వెళ్ళి పరీక్ష చేయించుకోండి. చాలా సులువేనంటండి. ఆ తరవాత మీరు ఎలా చెయ్యమంటే అలా చేస్తాను," అంది.

ఆ మాట నిజమా కాదా అని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఎక్కడ విన్నావని అడిగారు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, సినిమాలో విన్నానని చెప్పింది. అన్నయ్య గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచి, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, అలాంటి బొమ్మలు చూసే ఆడది తన కాపురానికి పనికిరాదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వూ చూశావు కదా అన్నయ్యా, మళ్ళీ మళ్ళీ చూశావు కదా, అదే డాక్టరు నీకూ చెప్పాడు కదా అన్నాను. అమ్మ నా చెంప పగలగొట్టింది. ఆ దెబ్బ ఎప్పుడో మానింది గానీ, దాని వెంట ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"మగాళ్ళు బొమ్మ చూడ్డానికి వెళ్తారే. మాటలెవడు వింటాడు?"

వదిన నాన్నగారు వచ్చి తల వంచుకుని కూతుర్ని తీసుకెళ్ళారు. పిల్లలు లేనందుకు పంపించేస్తే ఊళ్ళో నలుగురైనా అయ్యో అనేవారేమో, ఫలానా బొమ్మ చూసిందని చెప్పడంతో నోరు విప్పినవాళ్ళు లేరు. బళ్ళు దిగి వచ్చి ఆ ఆట చూసిన ఆడవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు మరీ గమ్మునున్నారు. నా ఉద్యోగం కూడా ఆ వారమే మాన్పించారు. అన్నయ్య పెళ్ళి ద్వారకా తిరుమలలో జరిగింది. కొత్తగా వచ్చిన చిన్నొదిన నాకంటే చిన్నది, లంగా ఓణీల ఈడు దాటి ఎన్నాళ్ళో కాలేదు. ఆవిడకూ పిల్లలు కలగలేదు. అమ్మ పాత పసర్లన్నీ మళ్ళీ నూరింది. నా పెళ్ళై రాజమండ్రి వచ్చేశాక పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా చిన్నొదిన పెరట్లో నూతి దగ్గర కూర్చుని కక్కుకుంటూ ఉండేది.

చాలా ఏళ్ళ తరవాత ద్రాక్షారామం గుళ్ళో పెద్దొదిన కనిపించింది. అక్కడే ఒక బళ్ళో ఆయాగా చేస్తోందట. జుట్టు పలచబడింది, మనిషి సగమైంది. మండపంలో కూర్చుని నా పిల్లల పేర్లు అడిగింది, వాళ్ళకిమ్మని ప్రసాదం చేతిలో పెట్టింది. లేచేముందు మీ అన్నయ్యగారికి పిల్లలా అని అడిగింది. లేరన్నాను. ఆవిడ మొహంలో గెలిచిన తృప్తి కొంచెమైనా కనిపిస్తుందేమోనని చూశాను, కనిపించాలనే కోరుకున్నాను. "పాపం ఆ పిల్ల," అంది వదిన. ఆవిడ పోయిన కబురు మాకు పదో రోజు కూడా అయిపోయాక తెలిసింది.

నిరుడు అన్నయ్య పోయాడు. దినవారాలు అయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయాక నేనూ చిన్నొదినా వరండాలో కూర్చున్నాం. వయసులో నేను పెద్దదాన్ని గనుక ఆవిడ కూడా నన్ను వదినగారనే పిలుస్తుంది. ఇన్నేళ్ళూ అడగని మాట ఆ రోజు అడిగింది. ఆ పెద్దావిడ ఏం తప్పు చేసిందని పంపించేశారండీ, చెడు తిరుగుళ్ళు తిరిగిందని మీ అమ్మగారు అనేవారు, నిజమేనా అంది. ఇంకా ఎవరి కోసం దాచాలి? మొత్తం చెప్పాను. ఆట గురించి, అన్నయ్య ముందే చూసి ఉండడం గురించి, చారు గరిటె పక్కన పెట్టి వదిన అడిగిన పరీక్ష గురించి.

"ఆయనకి తెలుసన్నమాట," అంది చిన్నొదిన. "తెలిసే నాకు ఆ పసరు గ్లాసు చేతికిచ్చేవారండి, తాగేదాకా పక్కనే నిలబడి."

ఆవిడ ఏడవలేదు, లేచి లోపలికి వెళ్ళి వంటింట్లో దీపం వేసుకుంది. ఆ పూట అన్నం కూడా వండింది, మామూలుగానే తింది.

ఇప్పుడు అలాంటి మాటలకు ఏం కరువు లేదు. రావులపాలెం నుంచి భీమవరం దాకా ఏ రోడ్డు పట్టుకుపోయినా పిల్లలు పుట్టించే ఆసుపత్రుల బోర్డులే, అలాంటి బొమ్మలు ఆడామగా కలిసి కూర్చుని చూస్తారు, పగలబడి నవ్వుకుంటారు, పిల్లలు సిగ్గుపడకుండా అడుగుతారు. మంచిదే, నాకేం బాధ లేదు. సిగ్గు పోయిందని నా ఈడువాళ్ళు కొందరు వాపోతుంటే మాత్రం వినలేకపోతున్నాను. మా రోజుల్లో సిగ్గు ఎవరికుందండీ? హాలు నిండా ఈలలు వేసినవాళ్ళు ఇంటికొచ్చి పెద్దమనుషులయ్యారు, చీకట్లో కూర్చుని ఒక్క మంచిమాట విన్న ఆడది చెడిపోయిందనిపించుకుంది. ఆ చిన్న పరీక్ష ఆనాడు జరిగుంటే ఫలితం ఏదైతేనేం, ఇద్దరాడవాళ్ళు తమ ఒంటిని తాము తిట్టుకోకుండా ముసలివాళ్ళయ్యేవారు.