పేరు లేని చీటీ

సువార్తమ్మ టీచరు గారు రిటైరై పదకొండేళ్లయినా, రాజోలు దగ్గర వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థన చీటీలు చదివేది ఆవిడే. తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఒకరి మోకాళ్ల నొప్పి నుంచి ఇంకొకరి గల్ఫ్ వీసా దాకా అన్నీ పాఠం చెప్పినట్టు నిదానంగా చదువుతారు. ఈమధ్య మాత్రం చీటీ చీటీకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. మొన్న మంగళవారం కాకినాడలో డాక్టరు చెప్పాడు: "గడ్డ చిన్నదేనండీ. ఆపరేషనైతే ఊపిరితిత్తిలో ఓ భాగం తీసేస్తాం, కొన్నాళ్లు పక్కన మనిషుండాలి. రేడియేషనైతే కోత లేదు, ఐదుసార్లొస్తే చాలు. మళ్లీ రాదని మాత్రం అంత ధీమాగా చెప్పలేం. మీవాళ్లతో మాట్లాడుకుని చెప్పండి." "ఆయ్, అలాగేనండీ" అని వచ్చేశారు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఎవరూ లేక, తనూ ఒక చీటీ రాసుకున్నారు.

ఆదివారం అన్నిటికన్నా ఆఖరున అది చదివారు: "ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న ఒక సహోదరి, ఆపరేషనా రేడియేషనా తేల్చుకోలేకపోతోంది." అందరూ ఆమెన్ అన్నారు. బయట చెప్పులేసుకుంటుంటే దానమ్మ దగ్గరకొచ్చింది. "ఎవరండీ టీచరుగారూ, పాపం? ఆపరేషనైతే తోడుకి నేనెళ్తానండీ. ఏదీ, ఆ చీటీ ఓసారి చూపించండి." తన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల, రాత ఇట్టే గుర్తుపడుతుంది. టీచరుగారు చీటీని బైబిల్లోకి ఇంకాస్త లోపలికి తోశారు.

"పేరు రాయలేదమ్మా" అన్నారు.