కొత్త తినే ఇల్లు

బుధు ఇంక నిచ్చెన ఎక్కలేడంటే అనంతగిరి కొండల్లో ఎవరూ నమ్మలేదు. కాఫీ తోటలో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగ పాకుతుంది. ఆ మానుకి ఒంటి వెదురు నిచ్చెన ఆనించి, కణుపు దగ్గర మెట్టులా వదిలిన మోడు మీద బొటనవేలు మోపి, ఎడమ చేత్తో మాను పట్టుకుని కుడి చేత్తో గుత్తులు కోయాలి. ఇరవై ఏళ్ళు కోశాడు. కిందటి మాఘంలో మంచుకి తడిసిన మోడు మీద జారి పడ్డాడు. కుడి భుజంలో కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు సగం తెగిందన్నారు విశాఖ డాక్టర్లు.

గుమ్మానికి రబ్బరు పట్టీ కట్టి రోజూ లాగమన్నారు, ఆరు నెలలు. మహానుభావుడు పన్నెండు రోజులు లాగి, ఆ పట్టీతో మేకని కట్టేశాడు. చెయ్యి భుజం దాటి లేవలేదు. మళ్ళీ మిరియాల కాలానికి ఎక్కలేకపోతే తానెందుకు పనికొస్తాడన్న బెంగ మాత్రం రోజురోజుకీ పెరిగింది.

అప్పుడు దుర్గాప్రసాద్ రెండు చిన్న సీసాలిచ్చాడు. అతను మైదానం నుంచి వచ్చి అరకులో జిమ్ పెట్టిన మనిషి. బుధు అంటే అభిమానం. ఇది పెప్టైడ్ అని, ప్రోటీన్ ముక్కలాంటిదని, తెగినచోట అతుకు తొందరగా పడుతుందని చెప్పాడు. తన మోకాలికి తానే సూదితో పొడుచుకున్నాడట, ఇప్పుడు పరుగెడుతున్నాడట. నెట్‌లో తెప్పించాడు. అబద్ధం చెప్పే రకం కాదు.

బుధు ఆ సీసాలు పట్టుకుని ఆరోగ్య ఉపకేంద్రం నర్సు గాయత్రి దగ్గరికి ఉత్సాహంగా వెళ్ళాడు. ఆమె సీసా మీది చీటీ చదివింది. పరిశోధనకి మాత్రమే, మనుషులకి వాడరాదు అని ఉంది. ఎలుకల్లో బాగా పనిచేసిందనీ, మనుషుల మీద సరైన పరీక్షలు జరిగింది చాలా తక్కువనీ చెప్పింది. సీసాలో నిజంగా ఏముందో కూడా తెలీదంది.

బుధు నవ్వాడు. ఊరి పూజారి ఇల్లు వాళ్ళది. తొలి కాయలు దేవతకి పెట్టే మామిడి కొత్తల పండగ అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ కాయ కొరకరు. ఆ రోజు అందరికంటే ముందు తినేది వాళ్ళ అయ్యే.

"కొత్త ముందు తినేది మా ఇల్లే కదా సిస్టరమ్మా. ఇదీ నానే ముందు తింతాను. బేగి పొడిసెయ్."

గాయత్రి సీసా బల్ల మీద పెట్టింది.

"మీ అయ్య తిన్నప్పుడు ఊరంతా ఎదురుగా కూకుని సూత్తాది, బుధన్నా. నువ్వు ఇక్కడ పొడిపించుకుంటే సూసేదెవలు? నీకేటయిందో రాసుకునేదెవలు? నీకు నయమైనా, పాడైనా, ఇంకొకలికి తెలీదు. అది కొత్త తినడం కాదు, దొంగతనంగా తినడం."

బుధుకి చిన్నప్పుడు పండగకి ముందే కాయ కొరికి తండ్రి చేత తన్నులు తిన్న వీపు గుర్తొచ్చింది. సిగ్గేసింది. మందు పనిచేయదని తాను అనడం లేదనీ, తెలిసేదాకా ఆగమంటున్నాననీ గాయత్రి మెత్తగా చెప్పింది. తెలిసిన వైద్యం మేక మెడకి ఉందని కూడా గుర్తుచేసింది.

సీసాలు తిరిగిచ్చేస్తే దుర్గాప్రసాద్ కాస్త నొచ్చుకున్నాడు. బుధు మేకకి తాడు కొన్నాడు. పట్టీని గుమ్మానికి కట్టి, ఈసారి అరుగు మీద అందరూ చూస్తుండగా లాగాడు. వారానికోసారి గాయత్రి వచ్చి, చెయ్యి ఎంతవరకూ లేచిందో గోడ మీద బొగ్గుతో గీత గీసి, పుస్తకంలో రాసేది. వానాకాలంలో గీత రెండు నెలలు కదల్లేదు. ఆ రెండు నెలలూ బుధు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పట్టీ మాత్రం వదల్లేదు. కాఫీ పళ్ళు ఎరుపెక్కే వేళకి గీత చెవి దాటింది.

మళ్ళీ మాఘం వచ్చింది. మంచు ఆరేదాకా ఆగి, బుధు వెదురు ఆనించాడు. కింద ఊరివాళ్ళు, పుస్తకంతో గాయత్రి, ఓ పక్కగా దుర్గాప్రసాద్. నెమ్మదిగా ఎక్కాడు. భుజం కొంచెం లాగింది. కుడి చెయ్యి పైకి చాచి గుత్తి తెంపి, కిందికి చూశాడు.

"రాసుకో సిస్టరమ్మా. పన్నెండో మెట్టు. కొంచెం నొప్పుంది, అదీ రాయి."