చింతపిక్క రంగు స్వెటర్

హైదరాబాదు చలి గురించి తెలిసినవాళ్లెవరూ ఉన్ని అల్లిక నేర్చుకోరు. ఇక్కడ చలికాలం చుట్టపుచూపుగా వస్తుంది, చాయ్ తాగినంతసేపు ఉండి పోతుంది. మిగతా ఏడాదంతా ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకోవడమే. అలాంటి ఊళ్లో, ఉప్పల్లో ఒక రెండంతస్తుల ఇంట్లో, నడివయసుకు వచ్చిన మగవాణ్ణి నేను స్వెటర్లు అల్లుతాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, నేను ఆగుతాను. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టి చాలా కాలమైంది, ఇంకా ఆపలేదు.

తప్పంతా ఒక గుంతది. వాననీళ్లు నిండి రోడ్డులాగే కనిపించిన ఆ గుంతలోకి నా బండి దిగింది, నేను పక్కకు పడ్డాను, కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్లు నా మాట వినడం మానేశాయి. ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక రబ్బరు బంతి చేతికిచ్చి, రోజూ పిసుకుతూ ఉండమన్నారు. పిసికాను. ప్రపంచంలో అంత విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదు. దాన్ని గోడకేసి కొట్టాలనిపించేది, కానీ విసరడానికి కూడా చెయ్యి లేవదాయె.

ఆ క్లినిక్‌కే సైనిక్‌పురి నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. ఆవిడ భర్త ఆర్మీలో చేసి రిటైరైన మనిషి, లోపల ఆయన మోకాలికి వైద్యం జరుగుతుంటే ఈవిడ బయట కూర్చుని అల్లుకుంటూ ఉండేవారు. పుట్టింది గోదావరి వైపైనా సగం జీవితం మంచు కురిసే కంటోన్మెంట్లలో గడిపారట. ఒకరోజు నా బంతి వంక, నా మొహం వంక చూశారు.

“ఆ బంతి పిసికి ఏం సాధిస్తావు బాబూ? ఇవి పట్టుకో, వేళ్లూ కదుల్తాయి, చివరికి ఓ మఫ్లరైనా మిగుల్తుంది,” అంటూ రెండు వెదురు సూదులు నా చేతిలో పెట్టారు.

మఫ్లర్ మిగిలింది. ఒకటి కాదు, బోలెడు. వేళ్లు బాగుపడ్డాయి గానీ అల్లిక మానలేదు. పొద్దున ఉప్పల్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట దాటాక ఉన్న మా ఆఫీసుకు చేరేలోపు నాలుగు వరసలు అల్లేవాణ్ణి. స్టేషన్‌లో బ్యాగు చూసే అమ్మాయి మొదటిరోజు సూదులు పైకి తీసి, “ఏంది సార్ ఇవి?” అంది. చెప్పాను. నమ్మలేదు. అక్కడే నిలబడి ఒక వరస అల్లి చూపించాల్సి వచ్చింది. వెనక క్యూలో ఉన్నవాళ్లు కూడా విసుక్కోకుండా చూశారు, అది వేరే సంగతి.

అల్లినవన్నీ ఏం చేయాలి? బహుమతులివ్వాలి. అల్లేవాళ్లందరికీ ఉండే జబ్బే ఇది. మా చెల్లెలి భర్తకు, అంటే మా బావకు, ఏప్రిల్‌లో పుట్టినరోజు. మండే ఎండలో మెత్తని మఫ్లర్ ఇచ్చాను. “మస్తున్నది బావా,” అని మెడకు చుట్టుకుని ఫోటో దిగాడు పాపం. ఆ తర్వాత అది ఆయన బండి సీటు తుడుస్తూ కనిపించింది. మా అమ్మకు ముచ్చటపడి నలుచదరంగా రెండు ముక్కలు అల్లి ఇస్తే, పూజ గదిలో పరుస్తుందనుకున్నాను. “మసిగుడ్డకు మంచిగ పనికొస్తున్నయి రా,” అంది సంతోషంగా. అందులో ఒకటి నాసిరకం దారం, వేడి గిన్నెకు అంటుకుపోయి ఊడిరాలేదు. గిన్నె పాడైందని నన్నే తిట్టింది.

మా నాయిన ఒక్కడే నా దగ్గర ఏదీ తీసుకోలేదు. ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేశాడు. చలికాలం తెల్లవారి షిఫ్టుకు సైకిలు మీద పోవడానికి, రింగు రోడ్డు పక్కన స్వెటర్లు కుప్ప పోసి అమ్మేవాళ్ల దగ్గర ఒకటి కొనుక్కున్నాడు. చింతపిక్క రంగు. ఎవరో చేత్తో అల్లినది. రిటైరయ్యాక కూడా చలి మొదలవగానే అది వంటిమీదికి ఎక్కేది, చలి పోయాక ఇంకొన్నాళ్లకు గానీ దిగేది కాదు. నేను ఏది అల్లి తెచ్చినా, “నాకు నా స్వెటర్ ఉన్నది రా, ఇంకెవలకన్న ఇయ్యి,” అనేవాడు.

అప్పుడు మా చెల్లెలు కాన్పుకని నాగారంలోని అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే నా సూదులు చూసి పక్కన కూర్చుంది.

“అన్నా, నా బిడ్డ సలిలో పుడ్తది. ఒక స్వెటర్ అల్లుతవా?”

అడగక ముందే నేను అల్లుతానని ఆమెకు తెలుసు. అయినా అంత మెల్లగా, వంటింటి వైపు చూసి అడగడానికి కారణం ఉంది. అంతకుముందు ఒకసారి ఆమెకు నెలలు నిండకుండానే కడుపు పోయింది. అప్పుడు మా బావ సంబరంకొద్దీ ముందే ఉయ్యాల తొట్టెల ఒకటి ఆర్డరు పెట్టాడు. ఆ డబ్బా, దవాఖానా నుంచి చెల్లెలు ఉత్త చేతులతో ఇంటికొచ్చాక వచ్చింది. వాళ్లింట్లో పెట్టుకోలేక మా ఇంటికి తెచ్చాడు. మా అమ్మ దాన్ని సజ్జ మీద పెట్టించి, పైన పాత దుప్పటి కప్పింది. పుట్టకముందే బిడ్డకు కొత్తవి సమకూర్చకూడదని మాలో ముందునుంచీ ఉన్నదే. ఆ డబ్బా వచ్చినప్పటి నుంచి మా అమ్మకు అది ఆనవాయితీ కాదు, భయం. ఈసారి ఇంట్లో బిడ్డ అన్న మాటే ఎత్తేది కాదు. “గదేదో మంచిగ గానియ్ ముందు,” “అంత అయినంక సూద్దాం,” ఇంతే.

నాకేమో కాన్పయ్యాక మొదలుపెడితే చలి పోయేసరికి కూడా పూర్తికాదు. అందుకని పసుపుపచ్చ ఊలు కొని, మెట్రోలోనే దొంగచాటుగా అల్లడం మొదలుపెట్టాను. వీపు భాగం అయింది. ఒక చెయ్యి అయింది, నా బొటనవేలు దూరేంత చెయ్యి. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు చూసి, ఎవరికని అడిగేవాళ్లు. పాపకో బాబుకో ఇంకా తెలియదని చెబితే నవ్వేవాళ్లు. ఆ అరగంట మాత్రం, మా ఇంట్లో పుట్టబోయే బిడ్డ గురించి గట్టిగా మాట్లాడుకునేవాణ్ణి.

ఇంటికొచ్చాక దాన్ని టిఫిన్ బ్యాగు అడుగున దాచేవాణ్ణి. నా తెలివి అంతవరకే. ఆ బ్యాగులోంచి రోజూ గిన్నెలు తీసి తోమేది మా అమ్మ అని నాకు తట్టనే లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. కోపంగా కూడా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

“ఇది ఇప్పెయ్ కొడుకా.”

“ఎందుకిప్పాలె? దీన్తోని ఏమైతది?”

“పోయినసారి గూడ గిట్లనే అనుకున్నం గదా. తొట్టెల ముందే తెప్పిచ్చె మీ బావ.”

“తొట్టెలతోని గాలేదమ్మా అది. డాక్టరమ్మ చెప్పలేదా?”

“డాక్టరమ్మకేం ఎరుక నా భయం?”

నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చాక చేతులు ముందు నడుస్తాయి. సూది లాగేసి, దారం కొస పట్టుకుని లాగాను. ఊలు అల్లడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేను గానీ విప్పడానికి ఎంతోసేపు పట్టదు. బొటనవేలంత చెయ్యి వరస తర్వాత వరస ఊడిపోతూ వచ్చింది. అప్పుడు తలెత్తి చూస్తే గుమ్మంలో మా చెల్లెలు.

“ఇప్పుతున్నరా?” అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. “ఒక్కపారన్న బిడ్డ అన్నవా అమ్మా నువ్వు? నేనొచ్చినకాడికెల్లి గది, గిది అనే అంటున్నవ్. మీరందరు గట్ల జూస్తుంటె, లోపల తంతున్న బిడ్డ గూడ నాకు అబద్ధమే అనిపిస్తున్నది.”

మా అమ్మ వంగి నా చెయ్యి పట్టుకుంది.

“ఆపు,” అంది. “ఇగ ఇప్పకు.”

విప్పమన్నదీ తనే, ఆపమన్నదీ తనే. నాకు ఒళ్లు మండింది, మళ్లీ వెంటనే ఆమె చేతులు చూసి జాలేసింది. ఊడిపడ్డ దారాన్ని ఒక్కో పోగూ ఏరుకుంటున్నాయి. మా అమ్మకు ఈ బిడ్డ మీద నమ్మకం లేదనుకున్నాను గానీ, ఆశ ఎంత ఎక్కువో అప్పుడు అర్థమైంది. మిగిలిన పసుపుపచ్చ ముక్కను మా ఆవిడ తీసుకెళ్లి సైనిక్‌పురి ఆవిడ ఇంట్లో దాచి వచ్చింది. మా ఇంట్లో ఉండకూడదు, ఊడిపోనూ కూడదు. అప్పటికి కుదిరిన రాజీ అంతే.

మర్నాడు పొద్దున్నే నాయిన ఇల్లంతా వెతుకుతున్నాడు. స్వెటర్ కనిపించడం లేదట. మా అమ్మ దాన్ని నా ఒళ్లో పడేసింది.

“ఇది ఇప్పు. దీన్తోని అల్లు.”

“అరే, నన్నడగవా?” అన్నాడు నాయిన.

“అడిగిన. నువ్వు గుర్రుపెట్టి పండుకున్నవ్.” నా వైపు తిరిగి చెప్పింది. “పుట్టిన బిడ్డకు ముందుగాల చుట్టేది పాత గుడ్డలే గదరా. మీకు గూడ మీ నాయిన పాత లుంగీనే చుట్టిన. గిది పాతదే. దీన్తోని జేస్తె కొత్తది జేసినట్టు గాదు.”

బిడ్డ అంది. మా చెల్లెలు విన్నదో లేదో అని చూశాను. విన్నది.

కానీ ఆ తర్కానికి నేను ముందు పకపకా నవ్వాను. పాత ఊలుతో అల్లిన కొత్త స్వెటరు పాతదట. ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. నవ్వడం అయ్యాక, నాకు గానీ ఇంకెవరికీ గానీ తోచని ఉపాయం ఆమెకు తోచిందని తెలిసింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన భయాన్ని వదులుకోలేదు, దాన్లోంచే ఒక దారి తీసింది. నాయిన పాత శాలువా కప్పుకుని చాయ్ తెమ్మన్నాడు.

పాత స్వెటర్ విప్పడం అంత తేలిక కాదు. సైనిక్‌పురి ఆవిడకు ఫోన్ చేస్తే పక్క కుట్టు ఎక్కడ తెంపాలో చెప్పారు. “పాత ఊలు కొత్తదానికన్నా మెత్తగా ఉంటుంది బాబూ, ఎన్ని ఉతుకులు చూసుంటుందో,” అన్నారు. విప్పిన దారమంతా ఉంగరాలు తిరిగి ఉంటుంది. దాన్ని ఉతికి, మిద్దె మీద తీగకు వేలాడదీసి, సాగడానికి అడుగున నీళ్ల చెంబు కట్టాను. పక్కింటి మిద్దె మీద బట్టలారేస్తున్న ఆంటీ అది చూసి ఏదైనా దేవుడి మొక్కా అని అడిగింది. అవునన్నాను.

ఆరాక ఉండలు చుట్టాలి. మా చెల్లెలు ముందు గదిలో దివానం మీద కాళ్లు చాపుకుని రెండు చేతులూ ముందుకు పెట్టింది. ఆ చేతుల మీద దారం వేసి మా అమ్మ ఎదురుగా కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆ గొడవ తర్వాత సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇప్పుడు లేచి పోవడానికి లేదు, ఇద్దరినీ ఒకే దారం కట్టేసింది. నాయిన శాలువాలో ముడుచుకుని చూస్తున్నాడు.

“రంగు జూడు,” అన్నాను. “పసిబిడ్డకు ఎవరన్నా చింతపిక్క రంగు తొడుగుతరా?”

“మంచిదే. దిష్టి తగలదు,” అంది అమ్మ.

నాయిన సజ్జ వైపు తల ఎత్తాడు. “ఆ డబ్బా వచ్చి గూడ రెండేండ్లాయె. అది గూడ పాతదే గదా.”

మర్నాడు అమ్మ ఉతికిన బట్టల్లో ఆ సజ్జ మీది దుప్పటి కూడా ఉంది.

ఉండ సగం చుట్టాక నేను సూదులు తీసుకుని, మొదటి వరసకు కుట్లు వేయడం మొదలుపెట్టాను. పసుపుపచ్చదానికి వేసినన్నే వేశాను. మా అమ్మ చుట్టడం ఆపి, నా సూది మీద ఎంత వెడల్పు వచ్చిందో వేళ్లతో కొలిచింది.

“గింత చిన్నగనా? జర పెద్దగ అల్లు. వచ్చే సలికాలం గూడ తొడగాలె గదా.”

మా చెల్లెలి చేతులు దారంతో సహా ఒళ్లోకి దిగిపోయాయి. ఏడ్చింది. ఎక్కువసేపు ఏడ్చింది. అమ్మ కళ్లు తుడవలేదు, ఊరుకోబెట్టలేదు. “చేతులు పైకి వట్టు, దారం చిక్కు వడ్తది,” అంది. నేను తల దించుకుని ఇంకొన్ని కుట్లు ఎక్కించాను.

ఆడపిల్ల పుట్టింది. ముందు నాయిన పాత లుంగీలో చుట్టి, ఆ తర్వాత స్వెటర్ తొడిగి ఇంటికి తెచ్చారు. అందులో పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, చేతులు రెండు మడతలు పెట్టాం. తొట్టెలలో వేసే రోజుకు సైనిక్‌పురి నుంచి పసుపుపచ్చ ముక్క తెప్పించి, విప్పి, మెడ చుట్టూ అంచు అల్లాను. ఇక కొత్తదైనా పరవాలేదంది అమ్మ. మా నాయినకు నేనే ఒక స్వెటర్ అల్లి ఇచ్చాను. తొడుక్కున్నాడు గానీ, పాతదాని లాగ లేదని ఇప్పటికీ సణుగుతాడు.

మొన్న చలి మొదలైందని మా చెల్లెలు పిల్లను తీసుకుని నాగారం నుంచి వచ్చింది. పిల్ల గోడ పట్టుకుని నడుస్తూ నా ఊలు ఉండలన్నీ దివానం కిందికి తోసింది. స్వెటర్ తొడిగితే మణికట్లు బయటికొచ్చాయి. మా అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు చేతులకూ ఒక్కో మడత విప్పింది. సరిగ్గా సరిపోయింది.

తర్వాత చేతి అంచు మీద వేలితో తడిమి చూసుకుని, “ఇంకో మడత ఉన్నది,” అంది.