ఎడమకు తిప్పని చెయ్యి

మా మనవరాలు సాయిప్రసన్న హైదరాబాదులో ఏం చదువుతోందో తిరువూరులో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. మా అబ్బాయి వెంకటకృష్ణారావు కిరాణా కొట్లో కూర్చుని, అడిగినవాళ్ళకు "కరెంటు చదువండి" అంటాడు. ఒకాయన గంపలగూడెం నుంచి వచ్చి, బోరు మోటారు కాలిపోయింది, మీ అమ్మాయి ఒకసారి చూస్తుందా అని అడిగాడు. కన్నకూతురి చదువేమిటో చెప్పలేని తండ్రికి ఆ శాస్తి కావలసిందే. నేను మూడో తరగతి దాటలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం నాకు చేతకాదు గనక, పిల్లనే కూర్చోబెట్టి అడిగాను.

మామూలు రాగితీగలో కరెంటుకు ఎంతో కొంత అడ్డు ఉంటుందట. తీగ వేడెక్కేది అందుకేనట. ప్రసన్న దగ్గర ఉన్నవి బొగ్గు, గంధకం కలిసిన పదార్థంతో పెంచిన స్ఫటికాలు. నల్లగా మెరుస్తూ, కత్తిరించి పారేసిన గోటిముక్కంత కూడా ఉండవు. వాటిని హీలియం అనే మహా చల్లటి ద్రవంలో పెట్టి బాగా చల్లబరిస్తే ఆ అడ్డు బొత్తిగా పోతుంది. గట్టి అయస్కాంతం దగ్గర పెడితే మళ్ళీ వచ్చేస్తుంది.

"అయస్కాంతం ఎంత బలమైందన్నదే కాదు నాయనమ్మా, ఏ వైపు నుంచి ఉందన్నది కూడా చూడాలి" అంది.

"ఏ వైపు నుంచైతే ఏంటే, అయస్కాంతం అయస్కాంతమేగా?"

"పూతరేకు ఉందనుకో. పైనుంచి పుల్ల గుచ్చితే ఏమవుద్ది?"

"చిరుగుద్ది. తినేదాన్ని పుల్లతో గుచ్చడమెందుకు?"

"అబ్బా, విను. అదే పుల్లని పొరల సందులోంచి పోనిస్తే చిరగదుగా. ఈ స్ఫటికంలోనూ పొరలున్నాయి. అయస్కాంత బలం పొరలకి అడ్డంగా గుచ్చుకుంటే కరెంటుకి అడ్డు లేస్తది. పొరల వెంబడే పోతే ఆ అడ్డు పడిపోద్ది."

అందుకని స్ఫటికాన్ని కడ్డీ చివర అతికించి, పైనున్న మర తిప్పుతూ, ఏ వాలుకు ఎంత అడ్డు వస్తుందో చూస్తుంది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల చేస్తున్న పని అదే.

అయితే ఈ ఏడు చిత్రం జరిగింది. అడ్డు అన్నిటికంటే ఎక్కువగా పడిపోవలసిన చోట, అంటే సరిగ్గా పొరల వెంబడి, పడిపోలేదు. కాస్త పక్కకు జరిగి పడింది. స్ఫటికం మార్చి చూసింది. మళ్ళీ అదే పక్కకు, అంతే జరిగింది. ఇంకోటి మార్చినా అంతే. ఇలా ఎవరూ చూడలేదని వాళ్ళ సారు పొంగిపోయి, సైన్సు పత్రికకు పేపరు రాయమన్నాడు. అది నిలబడితే ప్రసన్న పేరు పై దేశాలవాళ్ళు కూడా చెప్పుకుంటారు. తప్పని తేలితే ఆ పేరే నవ్వులపాలవుతుంది. సోమవారం పంపాలి. ఈలోగా మా చిన్నవాడి కొడుకు శ్రీనాథ్ పెళ్ళిపనులు మొదలయ్యాయని రెండు రోజుల కోసం వచ్చింది.

మా ఇంట పెళ్ళిపనులంటే ముందు తిరగలికి పసుపు రాసి, తోరం కట్టి, ఇంటి ఆడపిల్ల చేత మినుములు విసిరిస్తాం. ప్రసన్న ఒక చేత్తో తిరగలి తిప్పుతూ, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటోంది. చూస్తూ చూస్తూ ఎడమకు తిప్పేసింది. చేతిమీద ఒక్కటి వేశాను.

"శుభమా అని విసురుతుంటే ఎడమకి తిప్పుతావేంటే? హారతైనా, గుడి చుట్టైనా, తిరగలైనా కుడికే. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇప్పుడు తిప్పింది మరి?"

"ఎడమ చుట్టు లెక్కలోకి రాదు. మళ్ళీ మొదలుపెట్టు."

మొదలుపెట్టలేదు. ఫోను కింద పెట్టి తిరగలి వంకే చూస్తూ కూర్చుంది. పిడి గుంటలో కాస్త వదులైంది. పిల్ల పిడిని కుడికి నెట్టింది, రాయి కదిలింది. ఎడమకు లాగింది. పిడి కొంచెం దూరం ఊరికే వచ్చి, ఆ తర్వాతగానీ రాయి కదల్లేదు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకు. నేను అరుస్తూనే ఉన్నాను. వినిపించుకుంటేగా.

"నాయనమ్మా, నేను అక్కడ కూడా కుడికే తిప్పుతున్నా" అంది మెల్లగా. "మర వెనక్కి తెచ్చేటప్పుడు మీటరు ఆపేస్తా. ఎప్పుడూ అంతే. ఎందుకని నన్ను నేను అడగను కూడా అడగలేదు."

"మీ సారైనా అడగలేదా?"

"సారు గ్రాఫులు చూశారు. నా చెయ్యి చూళ్ళేదుగా."

ఆ మర పళ్ళలో వదులుంటే స్ఫటికం మరకంటే వెనకబడుతుంది. వాలు చూపించే ముల్లు ఒకటి చెబుతుంది, లోపల ఇంకోటి ఉంటుంది. స్ఫటికం మార్చినా మర అదే, చెయ్యి అదే. అందుకే ప్రతిసారీ అంతే పక్కకు జరిగి ఉండొచ్చు. లేదా నిజంగానే కొత్త సంగతి కావచ్చు. ఎడమకు తిప్పుతూ కొలిస్తేగానీ తెలియదు.

"కొలవకుండా పంపేస్తే ఎవరికి తెలుస్తది?" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

ప్రసన్న లేచి బ్యాగు సర్దుకుంది. మినుములు కోడలు విసిరింది. మధ్యాహ్నం బస్సుకే పిల్ల వెళ్ళిపోయింది.

పెళ్ళినాడు పొద్దున్నే వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, మొహం చూస్తే ఏడ్చిందో నవ్విందో అంతుపట్టలేదు. టిఫిను ప్లేటు చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఎడమకి తిప్పితే అడ్డు పడిపోయే చోటు ఇవతలి పక్కనుంచి అవతలికి పోయింది నాయనమ్మా. రెంటికీ మధ్యలో సరిగ్గా పొరల దారే ఉంది."

"అంటే కొత్తదేం లేదా?"

"లేదు."

"పేపరో?"

"ఆపేశాం. సారు ఒకరోజంతా నాతో మాట్లాడలేదు."

"మాట్లాడకపోతే పోయాడు. అది సరేగానీ, పొరల వెంబడే పోనిస్తే ఆ స్ఫటికంలో అడ్డు లేవదన్నావుగా. అయస్కాంతాన్ని ఇంకా, ఇంకా బలంగా పెడితే? అప్పుడు కూడా లేవదా?"

ఇడ్లీ ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎప్పటికైనా లేస్తది. కానీ ఎంత బలానికో, ఈ స్ఫటికంలో నేనింకా చూళ్ళేదు."

"మరి చూడు" అన్నాను. "ముందది తిను, చల్లారిపోతోంది."